ఇసుక గది పేర్లు

మొక్నీన్,
2013 అక్టోబర్ 6

నా బంగారు తమ్ముడు లమ్జెద్‌కి,

అక్క సలాం. కంప్యూటర్ క్షేమంగా చేరింది. లువాజ్ టాక్సీ నడిపే బషీర్ దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ తెచ్చాడు. "ట్యూనిస్ నుంచి పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను రధియా, దారిలో ఒక్కణ్ణీ చెయ్యి వెయ్యనివ్వలేదు" అని ఒకటే గొప్పలు. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. ఈ సంగతులు ఫోన్లో మాట్లాడలేనని నీకు తెలుసు. పై అంతస్తులో మా మరిది మొంధెర్ ఉంటాడు. మా ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజర్ అయిన దగ్గర్నుంచి అతని చెవులు ఇంకాస్త పెద్దవయ్యాయి. మా ఆయన మంచివాడే, కాని తమ్ముడి ముందు నోరు మెదపడు.

మీట నొక్కగానే నల్లటి తెర వచ్చి రెండు పేర్లు చూపిస్తోంది. ఏది ఎంచుకోవాలో తేల్చుకునేలోపే అది తనంతట తానే ఒకదాంట్లోకి వెళ్ళిపోయింది. ఒకే పెట్టెలో రెండెందుకురా? ఒకటి నడపడమే నాకు గగనం.

దాంట్లో ఏం పెట్టాలో నీకు చెప్పాను. ఇసుక గదిలో పనిచేసిన ముప్ఫై ఏడు మంది పేర్లు. కొత్త జీన్సు పాతదానిలా కనిపించాలని గొట్టంతో ఇసుక కొట్టే ఆ గదిలో నేనూ నాలుగేళ్ళు నిలబడ్డాను. ఎవరికి దగ్గు ఎప్పుడు మొదలైంది, ఏ డాక్టర్ ఏమన్నాడు, ఎక్స్‌రే ఫోటోలు, అన్నీ ఒక్కచోట చేర్చి మొనస్తీర్‌లో లేబర్ ఇన్‌స్పెక్టర్ ముందు ఒకేసారి పెట్టాలి. ఈలోగా ఒక్క పేరు బయటికి పొక్కినా ఫ్యాక్టరీవాళ్ళు మమ్మల్ని ఒక్కొక్కరినీ విడదీస్తారు.

బషీర్ చేతికి హరీసా కారం సీసా పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను. అయినా నిటారుగా పెట్టుకో.

మీ అక్క,
రధియా


ట్యూనిస్,
అక్టోబర్ 12

అక్కా,

హరీసా అందింది. నిటారుగానే అందింది, కాని నా గదిలోవాళ్ళు రెండు రోజుల్లో సీసా అడుగు చూపించారు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నల్లటి తెర మీద మొదటి పేరు లినక్స్. అది నీ సొంత గది. దాన్ని మొత్తం తాళం వేసి పెట్టాను, తెరవగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. నేను పెట్టిన పాస్‌వర్డ్ ఈ కాగితం వెనక ఉంది. మొదటిసారి తెరిచాక దాన్ని మార్చెయ్. ఒక్క మాట కాదు, ఓ పొడవాటి వాక్యం పెట్టు. ఎవరికీ చెప్పకు, నాక్కూడా చెప్పకు. మర్చిపోయావో, నేను కాదు కదా దేవుడు కూడా తెరవలేడు (అస్తగ్‌ఫిరుల్లా, ఆ మాటకి దేవుడే క్షమించాలి).

రెండోది విండోస్. అది ముందు గది. ఇంట్లో ఎవరు తెరిచినా అదే కనిపించాలి. అందులో వంటలు రాసుకో, పెళ్ళి ఫోటోలు పెట్టుకో. దానికి యాంటీవైరస్ పెట్టాను. రోజూ కొత్త సమాచారం తెచ్చుకోకపోతే అది నిద్రపోతున్న కాపలావాడితో సమానం, అందుకే ఇంటర్నెట్ పుల్ల కూడా పంపాను. అప్‌డేట్ అని అడిగితే "సరే" అను. విండోస్‌లోకి ఎవరైనా దూరినా లినక్స్ వైపు రాసింది చదవలేరు. ఈ రెండింటి మధ్యా కిటికీ కూడా లేదు.

అమ్మ పోయాక నా స్కూలు సంచీ రోజూ సర్దింది నువ్వే. ఇన్నేళ్ళకి నేను నీకు ఒక పెట్టె సర్దిపెట్టాను. భయపడకు.

నీ లమ్జెద్


మొక్నీన్,
నవంబర్ 3

బంగారూ,

పాస్‌వర్డ్ మార్చాను. ఎంత పొడుగు పెట్టానంటే రోజూ టైపు చేస్తూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ముప్ఫై ఏడు పేర్లూ ఎక్కించేశాను. అక్షర క్రమంలో కాదు, ఎవరికి దగ్గు ముందు మొదలైందో వాళ్ళ పేరు ముందు. అలా చూస్తే ఆ గది ఏం చేసిందో ఎవరికైనా కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

మొదటి పేరు దలెండాది. నీకు గుర్తుందో లేదో, నీ బడి ఫంక్షన్‌కి చొక్కా కుట్టింది ఆమే. ఇప్పుడు రెండు మెట్లెక్కి కూర్చుంటుంది, మళ్ళీ రెండెక్కుతుంది. అయినా వెటకారం తగ్గలేదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే "మంత్రిగారూ, మా ఫైలు కదిలిందా?" అంటుంది. ఆమెకి ఈ పెట్టె మీద నమ్మకం లేదు. "కాగితం మీద చూపించు, అందరి చేతా సంతకాలు నేను పెట్టిస్తాను" అంది. తీరా చూస్తే లినక్స్ వైపు ప్రింటర్ పలకడం లేదు. లైటు వెలుగుతుంది, కాగితం కదలదు. ఏం చెయ్యను?

రధియా


ట్యూనిస్,
నవంబర్ 9

అక్కా,

మంచి వార్త. ఉద్యోగం దొరికింది! సాహెల్ ప్రాంతమంతా ఫ్యాక్టరీల కంప్యూటర్లు చూసుకునే కంపెనీ. ఇక రీమ్ వాళ్ళ నాన్న నన్ను చూసి మొహం తిప్పుకోడు. వేసవిలో పెళ్ళి అనుకుంటున్నాం. నువ్వే దగ్గరుండి జరిపించాలి.

ప్రింటర్ సంగతి: నీ ప్రింటర్ పాతది, అది విండోస్‌లోనే పలుకుతుంది. జాబితాని చిన్న పెన్‌డ్రైవ్ పుల్లలోకి ఎక్కించుకుని, విండోస్‌లోకి తెచ్చి ప్రింటు తీసుకో. అయిపోగానే తుడిచెయ్.

దీంతో ఒక సీడీ పంపుతున్నాను. విండోస్‌కి ఇంకో రక్షణ ప్రోగ్రాం. ఏది అడిగినా "అవును" నొక్కుతూ వెళ్ళు. అది ఏమీ మాట్లాడదు, ఓ మూల కూర్చుని కాపలా కాస్తుంది. దాన్ని మాత్రం కదపకు.

లమ్జెద్


మొక్నీన్,
డిసెంబర్ 8

లమ్జెద్,

గబగబా రాస్తున్నాను. రాత బాగోకపోతే ఏమీ అనుకోకు.

సోమవారం దలెండాని ఆఫీసులోకి పిలిచారు. తర్వాత మునీరాని. తర్వాత హబీబాని. నాలుగోసారి నన్ను. మేనేజరు పక్కన మొంధెర్ నిలబడ్డాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం. "నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, దానికీ ఈ పనికీ సంబంధం లేదు" అని ఉంది.

"సంతకం పెట్టండి వదినా, ఇది ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు మొంధెర్.

"నాకు ఉబ్బసం ఎప్పుడుంది? నువ్వు మా ఇంట్లోనే కదా ఉంటావు, ఎప్పుడైనా చూశావా?" అన్నాను.

"రాత్రంతా దగ్గుతారుగా, మాకు నిద్ర లేకుండా" అని మేనేజరు వైపు చూసి నవ్వాడు.

నేను పెట్టలేదు. కాని నన్ను తినేస్తున్నది ఆ నవ్వు కాదు, ఆ వరుస. దలెండా, మునీరా, హబీబా, నేను. మా విభాగాలు వేరు, షిఫ్టులు వేరు, కొందరు పని మానేసి ఏడాది దాటింది. ఆ వరుస నా జాబితాలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. అది వాళ్ళ చేతిలో ఉంది.

ఎలా వెళ్ళిందో చెప్పు. నీకు తెలిసి ఉండాలి. ఎవరైనా ఈ పెట్టెలోకి దూరగలరా?

రధియా


ట్యూనిస్,
డిసెంబర్ 13

ప్రియమైన అక్కకి,

పనెక్కువగా ఉంది, క్లుప్తంగా రాస్తున్నాను.

కంప్యూటర్ నుంచి వెళ్ళే అవకాశం లేదు. నేనే సెట్ చేశాను కదా. ఇలాంటి విషయాలు ఎప్పుడూ మనుషుల దగ్గర్నుంచే బయటికి వెళ్తాయి. నువ్వు ప్రింటు తీసిన కాగితం ఎవరి దగ్గర ఉంది? అది ఆలోచించు.

నా మాట విని కొన్నాళ్ళు ఇదంతా ఆపెయ్. మొంధెర్‌తో గొడవ పెట్టుకోకు. ఆ కాగితం మీద ఒక సంతకంతో పోయేదేముంది? నీ ఉద్యోగం నీకుంటుంది.

లమ్జెద్


మొక్నీన్,
2014 జనవరి 5

లమ్జెద్,

సంతకం పెట్టని తొమ్మండుగురినీ పనిలోంచి తీసేశారు. నన్ను కూడా. సరుకు దొంగతనం జరిగిందట, మా మీద అనుమానమట. పదకొండేళ్ళ తర్వాత గేటు దగ్గర నా సంచీ తిరగేసి దులిపారు. దువ్వెన, పెరుగు డబ్బా, దగ్గు మందు రోడ్డు మీద పడ్డాయి. అవి ఏరుకుంటుంటే మొంధెర్ పక్కనుంచి స్కూటర్ మీద వెళ్ళిపోయాడు.

నువ్వు అడిగిన ప్రశ్న నా బుర్రలోంచి పోలేదు. కాగితం ఉన్నది ఒక్క దలెండా దగ్గర. రెండు మూడు వారాలు ఆపుకున్నాను. మొన్న వెళ్ళి అడిగేశాను.

ఆమె మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. "ఆ కాగితం ఎవరికైనా చూపించావా?" అన్నాను.

"సంతకాలు పెట్టినవాళ్ళకి చూపించాను. ఏం?"

"ఫ్యాక్టరీవాళ్ళకెలా చేరింది దలెండా?"

ఆమె బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అందులో మొదటి పేరు నాదే రధియా. నా ఊపిరితిత్తుల బొమ్మ ఉంది అందులో. నన్ను నేనే పట్టుకెళ్ళి అమ్ముకున్నానంటావా?"

"మరి ఇంకెవరి దగ్గరా లేదు కదా."

"నీ దగ్గరుంది" అంది. "ముందు నీ ఇంట్లో వెతుక్కో. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, చలిగాలి వస్తోంది."

ఇరవై ఏళ్ళ స్నేహం. అంతే. తలుపు వేసి వచ్చేశాను. నాదే తప్పేమోనని ఒక పక్క, కాదు ఆమె నటిస్తోందేమోనని ఇంకో పక్క. నన్నిలా నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు.

ఇది చాలదన్నట్టు, నిన్నటి నుంచి ఆ నల్లటి తెర రావడం లేదు. మీట నొక్కితే నేరుగా విండోస్ వస్తోంది. లినక్స్ ఎక్కడికి పోయింది? పేర్లన్నీ అందులోనే ఉన్నాయి.

రధియా


ట్యూనిస్,
జనవరి 10

ప్రియమైన అక్కకి,

రెండు సిస్టంలు ఉన్న కంప్యూటర్లలో ఇలా జరుగుతుంటుంది. విండోస్‌లో రక్షణ ప్రోగ్రాం అప్‌డేట్ అయినప్పుడు ఒక్కోసారి మొదలయ్యే చోటు మీద తనే రాసేసుకుంటుంది, రెండోది పోతుంది. ఎవరి తప్పూ కాదు. లోపలున్నది దొరకడం కష్టం.

ఒకందుకు ఇదీ మంచిదే అనుకో. అయిందేదో అయింది. పెట్టెని బషీర్ చేతికిచ్చి పంపెయ్, నేను చూస్తాను. అక్కడ ఎవరికీ చూపించకు, తెలియనివాళ్ళు చెయ్యి పెడితే మొత్తం పాడవుతుంది.

రీమ్ నిన్ను అడిగానని చెప్పమంది.

లమ్జెద్


మొక్నీన్,
ఫిబ్రవరి 2

లమ్జెద్‌కి,

పెట్టె పంపలేదు. హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే సిహెమ్ మేడం దగ్గరికి తీసుకెళ్ళాను. హబీబా కూతురికి ఆవిడే టీచరు.

ఆవిడ తన దగ్గరున్న ఓ పుల్ల తగిలించి, బయట నుంచి దాన్ని మొదలుపెట్టింది. అరగంట పట్టలేదు. "మీ లినక్స్ ఎక్కడికీ పోలేదు. గది గదిలాగే ఉంది, గుమ్మం మాత్రం ఎవరో పీకేశారు" అని నల్లటి తెర మళ్ళీ తెప్పించింది. నేను నా పొడుగు పాస్‌వర్డ్ కొట్టాను. ముప్ఫై ఏడు మందీ ఉన్నారు. నేను ఏడుస్తుంటే ఆవిడ విండోస్ వైపు వెళ్ళింది. కాసేపటికి అడిగింది:

"ఈ ప్రోగ్రాం ఎవరు పెట్టారమ్మా?"

"మా తమ్ముడు. రక్షణ కోసం."

"ఎవరి రక్షణ?" అంది.

తర్వాత తెర నావైపు తిప్పింది. ఆ ప్రోగ్రాం దూరం నుంచి లోపలికి వచ్చిన ప్రతిసారీ తేదీ రాసుకుందట. నవంబర్ 26, నలభై నిమిషాలు. జనవరి 4, పన్నెండు నిమిషాలు. గుమ్మం పోయింది ఆ రోజే. వచ్చినవాడి పేరున్న చోట నీ కంపెనీ పేరు, దాని పక్కన నీ పేరు. అక్షరం తప్పు లేదు.

"ఇది మీ తమ్ముడేనా?" అని అడిగింది. తలూపాను. ఆవిడ లేచి నీళ్ళు తెచ్చి, ఆ తేదీల పేజీని కాగితం మీద ప్రింటు తీసిచ్చింది.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళాను. దలెండా అక్కడే ఉంది, ముక్కుకి గొట్టం. జరిగింది చెప్పాను. నన్ను క్షమించమన్నాను. దిండు గలీబులోంచి ఆ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. ముప్ఫై ఏడు సంతకాలూ ఉన్నాయి దాని మీద. "నీ తమ్ముడు చేసింది నాకు పెద్ద దెబ్బ కాదు. వాడు నాకేమవుతాడు?" అంది. "నేను చేశానని నువ్వు నమ్మావు చూడు." ఇక అటు తిరిగి పడుకుంది.

ఆ రోజు నన్ను దలెండా ఇంటి దాకా నడిపించింది నీ ఉత్తరంలోని ఒక్క వాక్యం. కాగితం ఎవరి దగ్గరుంది, ఆలోచించు అన్నావు. అది రాస్తున్నప్పుడు, జాబితా ఎవరి దగ్గరుందో నీకు తెలుసు.

ఎందుకు చేశావో రాయి. అబద్ధం మాత్రం వద్దు. అబద్ధం రాసేటట్టయితే కాగితం దండగ.

రధియా


ట్యూనిస్,
ఫిబ్రవరి 9

అక్కా,

నాలుగుసార్లు రాసి చించాను.

ఆ ప్రోగ్రాం మంచికే పెట్టాను, దేవుడి మీద ఒట్టు. నీకేదైనా చెడిపోతే ఇక్కడి నుంచే సరిచెయ్యొచ్చని. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు.

నవంబర్లో మా కంపెనీ నన్ను ఓ ఫ్యాక్టరీ పనికి పంపింది. లోపలికి అడుగుపెట్టాక తెలిసింది, అది మీదేనని. మొంధెర్ నన్ను చూడగానే కౌగలించుకున్నాడు. మా బాస్ ముందే, మేనేజర్ ముందే అన్నాడు, "వీళ్ళ అక్క ఇంట్లో కూర్చుని మన మీద ఏదో రాస్తోంది. ఆ కంప్యూటర్ ఇచ్చింది వీడే." మా బాస్ నావైపు చూశాడు. ఎవరూ బెదిరించలేదు అక్కా. "చూసి చెప్తావు కదా?" అన్నాడు, అంతే. ఉద్యోగంలో చేరి మూడు వారాలు.

లినక్స్ వైపు నేను చూడలేను, నీ పాస్‌వర్డ్ నాకు తెలియదు. కాని నువ్వు ప్రింటు కోసం విండోస్‌లోకి తెచ్చావు. తర్వాత తుడిచేశావు. తుడిచింది చెత్తబుట్టలో పడుతుంది, ఆ చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలని నేను నీకు చెప్పలేదు. నిజంగా అప్పుడు మర్చిపోయాను. అందులోంచి తీసి ఇచ్చాను. కేవలం చూస్తారనుకున్నాను.

జనవరిలో మొత్తం చెరిపెయ్యమన్నారు. ఒక్క మీటతో చెరిపెయ్యగలను. కాని చెరపలేదు. గుమ్మం మాత్రమే తీసేసి, చెరిపేశానని చెప్పాను. పేర్లు ఈ రోజు నీ దగ్గర ఉన్నాయంటే అందుకే. అది కూడా లెక్కలోకి తీసుకో అక్కా.

దలెండా మీదికి నీ అనుమానం వెళ్ళాలనే ఆ మాట రాశాను.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. జాబితా ఇచ్చుకో, కేసు పెట్టుకో, కాని ఆ తేదీల కాగితం బయటపెట్టకు. నా పేరు వస్తే ఉద్యోగం పోతుంది, ఈ పనిలో ఇంకెవరూ నన్ను గడప తొక్కనివ్వరు. రీమ్ వాళ్ళ నాన్న సంగతి నీకు తెలుసు. నీకు మిగిలింది నేనొక్కణ్ణే, నాకూ నువ్వొక్కదానివే.

నీ లమ్జెద్


మొక్నీన్,
ఫిబ్రవరి 23

లమ్జెద్‌కి,

నీ ఉత్తరం అందింది. ఈసారి అబద్ధం లేదని నమ్ముతున్నాను. అబద్ధమైతే ఇంకాస్త బాగా రాసేవాడివి.

గుమ్మం మాత్రమే తీశానన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని రెండు రోజులు నీ తరఫున నాతో నేనే వాదించుకున్నాను. వాడికి చెయ్యి రాలేదు, వాడిలో కొంచెం మిగిలుంది అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. పేర్లు దొరకవు, పెట్టె నాకు పంపెయ్, ఎవరికీ చూపించకు అని రాసింది కూడా ఆ మిగిలినవాడే. సిహెమ్ మేడం లేకపోతే నువ్వు ఆ గదిని ఎప్పటికీ గోడగానే ఉంచేవాడివి.

బుధవారం మొనస్తీర్ వెళ్ళాం. ఇరవై ఎనిమిది మందిమి. బషీర్ మూడు విడతలుగా దింపాడు. దలెండా కూడా వచ్చింది, ఆక్సిజన్ సిలిండర్ వాళ్ళ అల్లుడు మోశాడు. నేనున్న బెంచీ మీద చోటుంది. ఆమె కిటికీ దగ్గర నిలబడే ఉంది, తర్వాత అవతలి బెంచీ మీద ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ జాబితా అంతా చదివాడు. ఎక్స్‌రేలు చూశాడు. "ఇదంతా ఎప్పుడు రాశారు? ఫ్యాక్టరీవాళ్ళు అప్పుడే ఒక లేఖ పంపారు. పనిలోంచి తీసేశాక కక్షకొద్దీ అల్లిన కథ అంటున్నారు" అన్నాడు.

"తీసెయ్యకముందే రాశాం. అది వాళ్ళ చేతిలో పడింది కాబట్టే తీసేశారు" అన్నాను.

"వాళ్ళ చేతిలో పడిందని రుజువుందా?"

ఇరవై ఎనిమిది మంది గొంతుల్లోంచి వచ్చే గాలి చప్పుడు వినిపిస్తోంది ఆ గదిలో. మునీరా నా మోచెయ్యి పట్టుకుంది. "ఆలోచించుకో రధియా. వేరే దారి చూద్దాంలే" అంది మెల్లగా. ఆమెకి పిల్లలు నలుగురు, పని లేదు, అయినా నీకోసం అంది ఆ మాట. నువ్వు ఎవరి పేర్లు అమ్మావో నీకు తెలియాలని రాస్తున్నాను.

తేదీల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. నీ ఉత్తరం పెట్టలేదు. అది నా దగ్గరే ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ ఒక ఫారం ఇచ్చాడు. ఆ ప్రోగ్రాం పెట్టినవాడి పేరు రాశాను. వాడి కంపెనీ, ఊరు రాశాను. కింద ఇంకో గడి ఉంది: ఫిర్యాదుదారుతో బంధుత్వం. నా కలం ఆగడం చూసి గుమస్తా అన్నాడు, "అది తప్పనిసరి కాదమ్మా. ఖాళీగా వదిలేసినా చెల్లుతుంది."

నేను వదల్లేదు. తమ్ముడు అని రాశాను. తర్వాత దాని ముందు కాస్త ఇరుకు చోటుంటే, "సొంత" అని కూడా రాశాను.

రధియా